సెల్లు మీద నెపం, కులం మీద మమకారం

తమిళనాడులో, మా కృష్ణగిరి జిల్లా ఉద్దనపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఒక పిల్ల కులం కాని పిల్లవాడితో మాట్లాడుతూ దొరికిందంటే ఆ సాయంత్రానికే తీర్పు వచ్చేస్తుంది. దోషి సెల్లు. "కరోనా కాలంలో క్లాసులని సెల్లు చేతికిచ్చినాము, అప్పుడే చెడిపాయ" అంటాడు తండ్రి. "ఇన్‌స్టాలో పరిచయమంట" అంటుంది పక్కింటి అత్త, ఇన్‌స్టా అంటే రాయకోట అవతల ఏదో ఊరన్నట్టు. టీ అంగడి దగ్గర పెద్దమనిషి దానికి కాస్త రాజకీయం కలుపుతాడు: "అదంతా నాటక ప్రేమ అప్పా, ఆస్తి చూసి వల వేస్తారు." మర్నాటికి పిల్ల చేతిలో సెల్లు ఉండదు. వారానికి భుజాన బడిసంచి ఉండదు. నెల తిరక్కుండా మేనమామకో, వరసైన బావకో ముహూర్తం కుదురుతుంది. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ వాదన ఊరిపెద్దల దగ్గరే ఆగిపోయి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. బడిలో పంతుళ్ళదీ ఇదే మాట. పెళ్ళి భోజనాల పంక్తిలో ఇదే మాట. బెంగళూరులో ఉద్యోగం చేసే ఇంజనీరు తమ్ముడు కూడా, బొటనవేలితో తన ఇన్‌స్టా తాను పైకి తోసుకుంటూనే, ఇదే ఒప్పజెబుతాడు. ఇంతమంది అంటున్నప్పుడు అందులో కొంతైనా నిజం ఉండాలి కదా అనిపిస్తుంది. కొంత ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఆ కొంచెం నిజాన్ని అడ్డం పెట్టుకుని చలామణీ చేసుకుంటున్న అబద్ధం చాలా పెద్దది. కులం దాటిన ప్రేమ సెల్లు వల్ల పుట్టలేదు. దాన్ని చూసి మనకొచ్చే కోపం పిల్ల వయసును చూసి వచ్చేదీ కాదు. ఈ రెండూ ఒప్పుకోవడానికి నోరు రాక, నోరులేని వస్తువు మీద నేరం మోపాం.

హోసూరు పక్కనే తొరపల్లి ఉంది. రాజాజీ అని మనం పిలుచుకునే రాజగోపాలాచారి 1878లో పుట్టిన ఊరు. ఆయన పుట్టిన ఇంటిని స్మారకంగా ఉంచారు. అక్కడికి వెళ్ళిన పిల్లలకు గవర్నర్ జనరల్ పదవి గురించి చెబుతారు గానీ, ఆయన కూతురు లక్ష్మి పెళ్ళి గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పాల్సిన కథ అది. 1920ల చివర్లో, పదిహేనేళ్ళ వయసులో ఆ అమ్మాయి గాంధీ చిన్న కొడుకు దేవదాసును ఇష్టపడింది. ఆయనకు అప్పటికి ఇరవై ఏడు దాటాయి. ఈమె అయ్యంగార్ల ఆడపిల్ల, ఆయన గుజరాతీ బనియా. కులం వేరు, భాష వేరు, తిండి వేరు. ఇన్‌స్టా మాట దేవుడెరుగు, ఉత్తరం చేరడానికే రోజులు పట్టే కాలం.

తండ్రులిద్దరూ దేశానికే పెద్దలు. వాళ్ళకూ ఆ మాట వెంటనే మింగుడుపడలేదు. అయినా పిల్లను గదిలో పెట్టి గడియ వేయలేదు. గబగబా అయ్యంగార్ల సంబంధం వెతికి ముడివేసి చేతులు దులుపుకోలేదు. ఐదేళ్ళు ఒకరినొకరు కలవకుండా ఉండండి, అప్పటికీ ఇదే మనసుంటే మేమే చేస్తాం అన్నారు. గడువు తీరినా మనసు మారలేదు. 1933 జూన్‌లో పూనాలో పెళ్ళి చేశారు. "పిల్ల చిన్నది, దానికేం తెలుసు" అనే మాటను నిజంగా నమ్మిన తండ్రి చేసే పని ఇదీ: ఆగమంటాడు. పదిహేనేళ్ళ పిల్ల, ఇరవై ఏడేళ్ళ మనిషి అనే లెక్క ఇవాళ చదువుతుంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఐదేళ్ళ గడువు ఆ ఇబ్బందికీ మందే.

ఇన్‌స్టా మన ఊళ్ళకు రాని రోజుల్లో కథలన్నీ ఇలా మంగళహారతితో ముగిసేవని కాదు. 2003లో కడలూరు జిల్లా విరుద్ధాచలం దగ్గర ఒక దళిత ఇంజనీరింగ్ పట్టభద్రుడు, వన్నియ కులపు అమ్మాయి చాటుగా పెళ్ళి చేసుకుంటే ఇద్దరికీ విషం పట్టించి చంపారు. కింది కోర్టు తీర్పు రావడానికే 2021 దాకా పట్టింది. 2012 నవంబరులో మన పక్క ధర్మపురిలో (2004 దాకా కృష్ణగిరీ ఆ జిల్లాదే) ఒక ప్రేమపెళ్ళి పేరు చెప్పి నత్తం, కొండంపట్టి, అణ్ణానగర్ కాలనీల్లో రెండు వందల యాభైకి పైగా దళితుల ఇళ్ళు తగలబెట్టారు. మరుసటేడు జూలైలో ఆ పెళ్ళికొడుకు రైలు పట్టాల పక్కన శవమై కనిపించాడు. వాళ్ళను కలిపింది ఏ సెల్లు? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

దూరపు కథలెందుకు, శూలగిరి ఉంది. అక్కడికి దగ్గరి ఊళ్ళో పక్కపక్క వీధుల్లో పెరిగిన ఇద్దరు 2018 ఆగస్టులో పెళ్ళి చేసుకుని హోసూరులో కాపురం పెట్టారు. అబ్బాయి దళితుడు, హోసూరులో ఒక అంగట్లో పని. అమ్మాయిది వన్నియ కులం, కాలేజీ చదువు. నవంబరులో ఇద్దరినీ బండెక్కించి తీసుకుపోయారు. కాళ్ళూ చేతులూ కట్టిన శవాలు కర్ణాటకలో, శివనసముద్రం దగ్గర కావేరిలో తేలాయి. ఎవరి బిడ్డలో తెలియక తికమకపడుతున్న కర్ణాటక పోలీసులకు దారి చూపింది అబ్బాయి ఒంటి మీది టీషర్టు. దాని మీద అంబేడ్కర్ బొమ్మ, ఊరి పేరు ఉన్నాయి. వాళ్ళిద్దరూ మేజర్లు. ఒకే ఊరి పిల్లలు. పరిచయానికి సిగ్నల్ అక్కర్లేదు, నీళ్ళ కొళాయి చాలు. అంతకు ఎనిమిది నెలల ముందే, అదే ఏడు మార్చి 27న, ఇద్దరు మేజర్ల పెళ్ళిలో ఊరికీ కులపంచాయితీకీ జోక్యం చేసుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తేల్చి చెప్పింది. ప్రతి జిల్లాలో ఇలాంటి జంటలకు ప్రత్యేక విభాగం ఉండాలని మద్రాసు హైకోర్టు 2016లోనే ఆదేశించింది. శూలగిరి దాకా ఆ కాగితాలు వచ్చాయో, కృష్ణగిరి కలెక్టరాఫీసు బీరువాలోనే నిద్రపోయాయో.

ఇక్కడొకరు అడ్డు తగులుతారు. "అప్పుడు ఎక్కడో ఒకటి రెండు, ఇప్పుడు ఇంటికొకటి. సెల్లే కదా తేడా?" తేడా ఉంది. ఆ తేడా పేరు సెల్లు కాదు. ఉద్దనపల్లి చుట్టూ గత పదేళ్ళలో ఏం మారిందో ఒకసారి కళ్ళు తెరిచి చూడండి. రాగి చేలు, టమోటా తోటలు ఉన్న నేల మీదికి కంపెనీలొచ్చాయి. సిప్‌కాట్ పారిశ్రామికవాడ కోసం ఉద్దనపల్లి, అయర్నపల్లి, నాగమంగలం ఊళ్ళలో మూడు వేల ఎకరాలకు పైగా తీసుకుంటామంటే 2023లో రైతులు నెలల తరబడి ధర్నాకు కూర్చున్నారు. నాగమంగలం దగ్గర టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో వేల మంది అమ్మాయిలు ఫోను భాగాలు తయారుచేస్తున్నారు. రాంచీ, హజారీబాగ్ వైపు నుంచి ఆరు వేల మంది ఆదివాసీ ఆడపిల్లలకు ఇక్కడి పనిలో శిక్షణ ఇచ్చారని కేంద్ర మంత్రి 2022లో చెప్పారు. షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సు ఆగితే దిగేవాళ్ళలో తెలుగు వినిపిస్తుంది, తమిళం, కన్నడం, ఒడియా, హిందీ వినిపిస్తాయి. ఒకే బస్సు, ఒకే మెడ పట్టీ, ఒకే క్యాంటీను అన్నం. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేతికి తన పేరు మీద జీతం వస్తోంది.

ప్రేమ పుట్టేది ఈ చోట. పక్కపక్కన కూర్చున్నచోట, జీతం చేతికొచ్చినచోట, కులం అడక్కుండా పని నడిచేచోట. ఊళ్ళో మనం కాలనీ ఒక వైపు, ఊరు ఒక వైపు అని గీత గీసి కాపాడుకున్నది ఫ్యాక్టరీ బెంచీ మీద ఎవరూ గీయలేదు. సెల్లు ఆ పరిచయాన్ని ఇంటిదాకా మోసుకొస్తుంది, అంతే. కంపెనీ వద్దని ఎవరైనా అంటారా? అనరు. నేల పోయినందుకు ఏడ్చినవాళ్ళు కూడా, కూతురి జీతం ఒకటో తేదీకి ఖాతాలో పడితే వద్దనరు. జీతం తెచ్చిన స్వేచ్ఛ మాత్రం వద్దు. అందుకే నింద కంపెనీ మీదికి పోదు, జీతం మీదికి పోదు, సెల్లు మీదికి పోతుంది.

గులాబీల సంగతి కూడా చెప్పాలి. హోసూరు చుట్టూ పాలీహౌసుల్లో తాజ్‌మహల్ రకం ఎర్రగులాబీ పండుతుంది. ఫిబ్రవరి 14 కోసం జనవరి చివరి నుంచే కోత. తలకు గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు ప్యాకింగ్ షెడ్డులో నిలబడి, కాడల్ని పొడవు ప్రకారం వేరుచేసి, మొగ్గలన్నీ ఒకే ఎత్తున వచ్చేట్టు సర్ది, ఇరవై చొప్పున కట్టకట్టి, చుట్టూ అట్ట చుడతారు. ముల్లు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ పనిలో పడతారు. ఆ కట్టలు విమానమెక్కి సింగపూరు, గల్ఫు పోతాయి. ఊరి ప్రేమికులందరికీ పూలు పంపే తోట యజమాని తన కూతురి సెల్లులో ఒక గులాబీ బొమ్మ కనిపిస్తే ఆ రాత్రి అన్నం ముట్టడు.

ఇప్పుడు వయసు సంగతి. "పదహారేళ్ళకు ప్రేమేంటి? పుస్తకం పట్టుకోవాల్సిన వయసు" అంటారు. నేను నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. కానీ ఈ మాట అనే నోళ్ళను కొంచెం వెంబడించి చూడండి. అదే పదహారేళ్ళ పిల్లను అక్క కొడుకో, తల్లి తమ్ముడో చేసుకుంటానంటే ఆ నోటి వెంటే "ఈడొచ్చింది, మనవాడే కదా, ఎన్నాళ్ళు ఉంచుకుంటాం" అని వస్తుంది. పిల్ల అదే. పుట్టినతేదీ అదే. ఒక గడపకు చిన్నపిల్ల, ఇంకో గడపకు పెళ్ళీడు పిల్ల ఎట్లా అయింది? తమిళనాట జరిగే పెళ్ళిళ్ళలో నాలుగింట ఒకటికి పైగా రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ సర్వే (2019–21) లెక్కనే, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు తమిళనాడులో 12.8 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. ఈ పిల్లల్ని పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టింది ఇన్‌స్టా కాదు. తల్లిదండ్రులు, పురోహితుడు, పంతులమ్మ చూసీ చూడనట్టు ఊరుకోవడం.

2025 మార్చిలో మన జిల్లాలోనే జరిగింది. అంచెట్టి దగ్గర తొట్టమంజు అనే కొండ ఊరు. ఏడో తరగతితో బడి మానిన పద్నాలుగేళ్ళ పిల్లను ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికిచ్చి పెళ్ళి చేశారు. పిల్ల ఇష్టం లేదని పుట్టింటికి వచ్చేసింది. వాడు, వాడి అన్న వచ్చి, ఏడుస్తూ కాళ్ళు తన్నుకుంటున్న ఆ పిల్లను భుజాన వేసుకుని ఊరి మధ్య నుంచి మోసుకుపోయారు. జనం చూశారు. ఎవరో ఒకరు సెల్లులో తీశారు. ఆ వీడియో ఫోన్లలో పాకి జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది. అప్పుడు పోలీసులొచ్చారు. వాడూ, అన్నా, పిల్ల తల్లీ అరెస్టయ్యారు. ఆ కొండమీద ఆ రోజు ఆ పిల్ల పక్షాన నిలబడింది ఏ పెద్దమనిషి? ఏ కులసంఘం? సెల్లు నిలబడింది. మనం బోనెక్కించిన ముద్దాయే ఆవేళ సాక్షి.

ఇక నాటక ప్రేమ. ధర్మపురి మంటల చుట్టూ పుట్టి పెరిగిన మాట ఇది. జీన్సు ప్యాంటు, టీషర్టు, నల్ల కళ్ళద్దాలు వేసుకుని దళిత కుర్రాళ్ళు మా ఆడపిల్లల్ని మాయచేస్తున్నారని వన్నియల పార్టీ పీఎంకే వ్యవస్థాపకుడు రామదాసు ఊరూరా ప్రచారం చేశారు. జీన్సు వేసుకుంటే మోసం చేస్తున్నట్టయితే కృష్ణగిరి బస్టాండులో నిలబడ్డ ప్రతి మగవాడినీ పట్టుకోవాలి. ఆస్తికోసం వల అనే ఈ సిద్ధాంతాన్ని ఊత్తంగరై దగ్గర అరుణపతి ఒక్క రాత్రిలో పటాపంచలు చేసింది. 2023 ఏప్రిల్. తిరుప్పూరులో బట్టల కంపెనీ పనికి పోయిన అబ్బాయి అక్కడ పనిచేసే దళిత అమ్మాయిని ప్రేమించి పెళ్ళాడాడు. పండక్కి ఇంటికి వస్తే కన్నతండ్రే కొడుకును నరికాడు, అడ్డొచ్చిన తన తల్లినీ నరికాడు. కోడలు చావుతప్పి బయటపడింది. ఇక్కడ ఎవరు ఎవరి ఆస్తికి వల వేశారు? పై కులపు పిల్లవాడు, కింద అని మనం రాసుకున్న కులపు పిల్ల, కష్టం చేసుకుని బతుకుతున్న జంట. నాటకం లేదు, వల లేదు. కులం ఒక్కటే ఉంది. కత్తి ఒక్కటే ఉంది.

డబ్బు కథ కూడా ఇంతే. మిర్యాలగూడలో బడి రోజుల నుంచి ఎరిగిన ఇద్దరు 2018లో పెళ్ళి చేసుకున్నారు. అబ్బాయి దళితుడు, అయితే బికారి కాదు, చదువుకున్న ఇల్లు. అమ్మాయి తండ్రి వైశ్యుడు, రియలెస్టేట్ శ్రీమంతుడు. ఆసుపత్రి ముందు కిరాయి హంతకుడి చేత అల్లుణ్ణి చంపించాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తండ్రి మాత్రం తీర్పు వినలేదు, 2020లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. ప్రేమ సంగతి తెలిసినప్పుడు ఆ ఇంట్లోనూ చేసింది అదే: ఫోను లాక్కోవడం, చదువు మాన్పించడం, ఇల్లు కదలనివ్వకపోవడం. దానివల్ల ఆ ప్రేమ తగ్గిందా? పెద్దలకు కబురు తెలిసే దారి మూసుకుపోయింది, అంతే. 2025 జూలైలో తిరునల్వేలిలో హత్యకు గురైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది కూడా బడినాటి స్నేహమే. ఆ తర్వాత అక్టోబరులో పరువుహత్యల మీద ప్రత్యేక చట్టం కోసం తమిళనాడు ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి బాషా అధ్యక్షతన కమిషన్ వేసింది. ఇదే ప్రభుత్వం ముత్తులక్ష్మి రెడ్డి పేరిట కులాంతర వివాహాలకు ఎనిమిది గ్రాముల బంగారం, నగదు ఇస్తుంది. తాళికి బంగారం ఇచ్చే చేతికి, తాళి కట్టినవాణ్ణి కాపాడే చట్టం రాయడానికి ఇన్నేళ్ళు కలం దొరకలేదు.

సెల్లును తిట్టేవాళ్ళు ఇంకో సంగతి దాటవేస్తారు. సెల్లును కులం ఎంత చక్కగా వాడుకుంటోందో చూడండి. ప్రతి కులానికీ వాట్సాప్ గ్రూపుంది. ప్రతి కులానికీ రీళ్ళున్నాయి: వెనక డప్పు, ముందు కత్తి, మీసం తిప్పే తాత బొమ్మ. పెళ్ళిసంబంధాల యాప్‌లో పేరు రాయకముందే కులం అడుగుతుంది, ఉపకులం అడుగుతుంది. 2023 ఆగస్టులో నాంగునేరిలో తోటి విద్యార్థులే ఒక దళిత బాలుణ్ణి ఇంట్లోకి చొరబడి నరికాక, ప్రభుత్వం జస్టిస్ చంద్రును విచారణకు వేసింది. మణికట్టుకు కులం రంగు తాడు కట్టుకుని బడికి రాకూడదని ఆయన 2024 నివేదికలో చెప్పాల్సి వచ్చింది. పదమూడేళ్ళ పిల్లవాడు కులం రీలు చూస్తే మనకు భయం లేదు. "మనవాడు రోషమున్నోడు" అని ముచ్చట. పదహారేళ్ళ పిల్ల ఎవరికో హార్టు బొమ్మ పంపితే కొంప మునుగుతుంది. సోషల్ మీడియా వచ్చింది కాబట్టి కులం పోతుందని సంబరపడే పట్నవాసపు మిత్రులకు కూడా ఈ మాటే నా జవాబు.

ముప్పు లేదా మరి? ఉంది, ఆ మాట ముందే ఒప్పుకున్నాను. దొంగ పేరుతో ఖాతా తెరిచి పరిచయం పెంచుకుని, ఫొటోలు రాబట్టి, ఆ ఫొటోలతో బెదిరించేవాళ్ళు ఉన్నారు. 2025 నవంబరులో నాగమంగలం వైపు మహిళా కార్మికుల హాస్టల్లో స్నానాల గదిలో రహస్య కెమెరా దొరికి, అమ్మాయిలు రాత్రంతా బయట కూర్చుని నిలదీశారు. ఆ కేసులో మొదట అరెస్టయింది అదే హాస్టల్లో ఉండే ఒక యువతి, తర్వాత ఆమె స్నేహితుడు. ఇవి నిజమైన నేరాలు. ఇక్కడ కూడా ఒకటి గమనించండి. ఆ అమ్మాయిలు సిగ్గుపడి నోరు మూసుకోలేదు, గుంపుగా రోడ్డెక్కారు కాబట్టి కేసు కదిలింది. ఊళ్ళో పిల్ల అలా ఎక్కగలదా? ఫొటో పట్టుకుని ఎవడో బెదిరిస్తున్నాడని ఇంట్లో చెబితే మొదటి దెబ్బ తనకే పడుతుందని దానికి తెలుసు. చదువు పోతుందనీ తెలుసు. బెదిరించేవాడికీ ఆ సంగతి తెలుసు, వాడి పెట్టుబడే అది. వాడి చేతిలో ఉన్న ఫొటోకు ఆ బలం ఇచ్చింది మన ఇంటి కోపం. ఇంట్లో చెప్పుకోగలిగిన పిల్లను బ్లాక్‌మెయిల్ చేయడం కష్టం.

చట్టం సంగతీ చూద్దాం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్ల ఇష్టానికి విలువ లేదు. తొట్టమంజు పిల్లకు ఆ చట్టం కావాలి, ఉండి తీరాలి. కానీ స్టేషన్‌కు పోయి కేసు పెట్టేది ఎవరు, ఎవరి మీద? పదిహేడేళ్ళ పిల్ల, పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు కలిసి ఊరొదిలితే, పిల్లవాడిది వేరే కులమైతే కేసు. ఆ పిల్లనే మరుసటి నెల ముప్పై ఏళ్ళ బావకు కడితే కేసు లేదు, కట్నకానుకలు ఉన్నాయి. ప్రేమించుకున్న పిల్లల్ని జైలుపాలు చేయడానికి ఈ చట్టం పుట్టలేదని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ 2021 జనవరిలో ఒక కేసు కొట్టేస్తూ చెప్పారు. ఇలాంటి కేసుల్లో తొందరపడి అరెస్టులు చేయవద్దని తమిళనాడు డీజీపీ 2022 డిసెంబరులో స్టేషన్లకు రాశారు. లా కమిషన్ 2023లో వయసు తగ్గించడానికి ఒప్పుకోలేదు, పదహారు దాటినవాళ్ళ విషయంలో జడ్జికి కొంత వెసులుబాటు ఉండాలంది. నా మటుకు నాకు పద్దెనిమిదిని కదపడం ఇష్టం లేదు. మనలాంటి జిల్లాలో వయసు తగ్గిస్తే మొదట లాభపడేది మేనమామలే. కానీ అదే చట్టం రెండు గడపలకూ ఒకేలా వర్తించాలి. కూలివాడి కొడుక్కి ఏళ్ళ తరబడి వాయిదాలు, భూస్వామి బావమరిదికి పందిట్లో తాంబూలం అంటే దాన్ని చట్టం అనరు.

"అయితే ఏం చేయమంటావు, పిల్లల ఇష్టానికి వదిలేయమంటావా?" అని నన్ను అడిగినవాళ్ళకు రాజాజీ, గాంధీ చేసిందే చెబుతాను. ఇంకొకటీ చెబుతాను. ఆంధ్ర నాస్తికుడు గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇస్తానన్నప్పుడు గాంధీ సంతోషించి, సేవాగ్రామంలో తానే చేయిస్తానన్నారు. అయితే రెండేళ్ళు ఆగమన్నారు. ఆ రెండేళ్ళు పూర్తయ్యేసరికి ఆయన లేరు. 1948 మార్చిలో సేవాగ్రామంలోనే ఆ పెళ్ళి జరిగింది. గడువు పెట్టిన పెద్దలు మాట తప్పలేదు, అందుకే పిల్లలు ఆగగలిగారు. మన ఇళ్ళలో పిల్లలు ఎందుకు ఆగరు? ఆగితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు కాబట్టి. ఇవాళ దొరికితే వచ్చే నెలకు వేరేవాడితో పెళ్ళి. అది తప్పించుకోవడానికే పదిహేడేళ్ళకు బస్సెక్కుతున్నారు. వాళ్ళను ఇంట్లోంచి తరుముతున్నది మన తొందరే. పెళ్ళి బెదిరింపు లేకపోతే పదహారేళ్ళ ప్రేమల్లో సగం ప్లస్‌టూ పరీక్షలయ్యేసరికి వాటంతటవే చల్లారిపోతాయి. మిగతా సగం ఇరవై ఒకటికి కూడా నిలబడితే, దాన్ని ఇక పిల్లచేష్ట అనే హక్కు మనకు లేదు.

కాబట్టి కూతురి సెల్లు లాక్కుని బీరువాలో దాచిన తండ్రులకు ఒక మనవి. అన్నా, ఆ సెల్లు తిరిగి ఇచ్చేయండి, బడిసంచి కూడా. ఎవరు బెదిరించినా ముందు నాకే చెప్పమ్మా, నేను కొట్టను అని ఒక్కసారి చెప్పి, ఆ మాట మీద నిలబడండి. పద్దెనిమిది నిండేదాకా ఏ పెళ్ళీ లేదని ఇంట్లో తేల్చండి: కులం కానివాడితోనూ లేదు, మేనమామతోనూ లేదు. పద్దెనిమిది తర్వాత ఆమె ఎవరి పేరు చెబితే వాడి చదువు, పని, నడవడి అడగండి, కులం అడక్కండి. పక్కింట్లో పిల్లకు రహస్యంగా పెళ్ళి చేస్తున్నారని తెలిస్తే మనకెందుకని ఊరుకోకండి. 1098కి ఫోను చేయండి. డబ్బు పడదు, పేరు చెప్పక్కర్లేదు, సెల్లు ఉంటే చాలు.